గనినీరు - ఊరిబావి

గ్రామపెద్దలారా,

సంస్కృత నిఘంటువులలో నీటికి ‘జీవనము’ అను పేరు కలదు. ‘విషము’ అను పేరును కలదు. మొదటి పేరు అందఱెఱిగినదే. రెండవదానిని కవులు శ్లేషకై వాడుకొనిరి. నేను తరగతిలో ఆ యర్థమును చెప్పినప్పుడెల్ల పిల్లలు నవ్వుచుండెడివారు. నల్లగొండ సీమలో మఱ్ఱిగూడెము, చండూరు ప్రాంతముల పెద్దలకు మాత్రము ఆ శ్లేష నవ్వు పుట్టింపదు. అచ్చటి బావినీరు తేటగా నుండెను, చల్లగా నుండెను, దాహమును తీర్చెను. ఏండ్లు గడచినకొలది ఆ నీరు త్రాగినవారి పండ్లు గారపట్టెను, నడుములు వంగెను, మోకాళ్లు ముడుచుకొని పోయెను. రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరగి చేసిన పని యది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించి ఫ్లోరైడు ఉండరాదని మన దేశపు ప్రమాణము. అంత స్వల్పమైన పదార్థమును నాలుక కనిపెట్టలేదు, కన్ను చూడలేదు.

ఈ ముచ్చటను ముందుగా ఎత్తుకొనుటకు కారణము కలదు. నేడు నేను ప్రసంగింపబూనినది అమ్రాబాదు ప్రాంతపు జనులను పట్టి పీడించుచున్న ఒక భయమును గూర్చి. యురేనియపు గని వచ్చినచో దానినుండి వెడలు నీరు తమ బావులను, వాగులను ఏమి చేయునో యన్నదే ఆ భయము. ఒకసారి అచ్చంపేట చేరువ నొక రచ్చబండకడ ఈ మాటయే రాగా, ఒక రైతు నన్నడిగెను: “పంతులుగారూ, నీళ్లు తేటగనే ఉంటయి గదా, ఇగ భయమెందుకు?” “పటేలా, మఱ్ఱిగూడెము నీళ్లును తేటగనే ఉండె గదా” అంటిని. అతడు మఱి మాటాడలేదు.

జరిగిన సంగతిని మొదట చెప్పుదును. 2019వ సంవత్సరము మే నెలలో కేంద్రప్రభుత్వపు అటవీ సలహాసంఘము నల్లమలలో యురేనియపు అన్వేషణమునకు సూత్రప్రాయముగా సమ్మతించెను. అడిగినది అణుఖనిజములను వెదకు కేంద్రసంస్థ. అడిగిన నేల 83 చదరపు కిలోమీటర్లు. అందు హెచ్చుభాగము అమ్రాబాదు పులుల అభయారణ్యములోనిదే. నేలలో దాదాపు 4,000 రంధ్రములు తొలుతురని పత్రికలు ప్రకటించెను. అమ్రాబాదు, పదర మండలముల ప్రజలును, చెంచులును, పట్టణములలోని చదువరులును ఒక్కటై వలదనిరి. ఆ యేడు సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియపు త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను.

గని లేదు గదా, గనినీటి మాట యేల యందురేమో. తీర్మానము కాగితముమీద నున్నది. యురేనియము రాతిలో నున్నది. మన నల్లమల యుత్తరభాగమున పైన శ్రీశైలపు పలుగురాతి పొర. దాని క్రింద అతి ప్రాచీనమైన నల్లసేనపు రాయి, అనగా మనము గృహములకు వాడు కఠినశిల. ఈ రెండును కలియు అతుకునందే యురేనియము చేరియున్నదని భూశాస్త్రజ్ఞులు కనుగొనిరి. లంబాపురము, పెద్దగట్టు, చిత్రియాల - ఇవన్నియు ఆ యతుకుమీది పేళ్లే. కొండ కదలదు, లోహము తఱుగదు, దేశమునకు దానియందు కోరికయు తీరదు. కావున ఈ ప్రశ్న మఱల మఱల వచ్చుచుండును. 2003లో నల్లగొండ జిల్లాలో లంబాపురము, పెద్దగట్టులకడ గనుల ప్రతిపాదన వచ్చి, ఆగస్టు నెలలో బహిరంగవిచారణ జరిగినప్పుడు ప్రజలు గట్టిగా ఎదిరించిరి. ముడిరాతిని శుద్ధిచేయు కర్మాగారమును మొదట మల్లాపురమున కట్టుదమనిరి. అది హైదరాబాదు నగరమునకు కృష్ణాజలమునందించు అక్కంపల్లి జలాశయమునకు చేరువ యను ఆక్షేపణ పుట్టగా సేరిపల్లికి మార్ప యోచించిరి. ఆ గనులు త్రవ్వబడలేదు. నగరవాసుల నీటికి ముప్పని తోచినప్పుడు కర్మాగారము చోటు మాఱును. పెంటలోని చెంచుల చెలమకు ముప్పని తోచినప్పుడు ఏది మాఱునో యని నాకొక సందేహము.

ఇక గనికిని నీటికిని గల సంబంధమును చూతము. బావి త్రవ్వించిన ప్రతి రైతునకును ఇందు సగము తెలిసినదే. భూమిలోనికి దిగినచో నీరూఱును. గనిలో మనుష్యులు పని చేయవలెనన్న ఆ నీటిని రాత్రింబవళ్లు పైకి తోడుచుండవలెను. పొరుగువాడు మీకంటె లోతుగా బోరు దింపినప్పుడు మీ బావి యేమగునో మీరెఱుగుదురు. గని అట్టి పొరుగువాడే, కాని మిక్కిలి పెద్దవాడు. తోడిన నీరు ఊరక పోదు. పగిలిన ముడిరాతిని కడుగుచు వచ్చిన నీరది. దానిని శుద్ధిచేయక వాగులోనికి విడిచిరా, వాగు త్రాగిన పశువును, పశువు పాలు త్రాగిన పిల్లవానిని అది వెదకికొనుచు పోవును.

అంతకంటె దొడ్డ సమస్య కర్మాగారముకడ కలదు. కడప జిల్లా వేముల మండలమున తుమ్మలపల్లె యను ఊరున్నది. అచ్చట ప్రభుత్వసంస్థయైన భారత యురేనియపు కార్పొరేషను గనిని, కర్మాగారమును నెలకొల్పెను. 2007లో శంకుస్థాపన, 2012లో కర్మాగారపు ఆరంభము. దినమునకు 3,000 టన్నుల రాతిని నలుగగొట్టునట్లు దానిని నిర్మించిరి. అచ్చటి రాయి పేదరాయి. వేయి కిలోల రాతిలో యురేనియము అరకిలోకు లోపే. మిగిలినదంతయు, అనగా వచ్చిన రాయి ఇంచుమించు వచ్చినంతయు, పిండియై, సోడాక్షారములు కలిసిన నీటితో బురదయై, గొట్టముల వెంట పోయి ఒక గొప్ప కుంటలో పడును. ఆ కుంటయందలి బురదలో యురేనియము తీసివేయబడినను, దాని సంతతియైన రేడియము, థోరియము మున్నగునవి అట్లే యుండును. ముడిరాతి కిరణశక్తిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా ఆ బురదలోనే నిలిచిపోవునని శాస్త్రజ్ఞుల లెక్క. రేడియము తనంత తాను సగమగుటకు 1,600 ఏండ్లు పట్టును. మన రామప్ప చెఱువు కట్టి ఎనిమిది వందల యేండ్లు దాటినవి. ఆ కట్ట యెన్నిమార్లు గండిపడినదో, ఎన్నిమార్లు పూడ్చిరో ఆ ప్రాంతపు వారినడుగుడు. దానికి రెట్టింపు కాలము ఈ కుంటకట్టను కాచువారెవరు? గని ముప్పదేండ్లకో నలుబదేండ్లకో మూతపడును, ఉద్యోగులు బదిలీయై పోవుదురు, కుంట మాత్రము ఊరివారి పాలగును.

తుమ్మలపల్లె పరిసరములందలి కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె, భూమయ్యగారిపల్లె మున్నగు ఊళ్ల రైతులు కొన్ని యేండ్లుగా ఒకటే మొఱ పెట్టుకొనుచున్నారు. బోరునీరు చెడినదనియు, అరటితోటలు మాడిపోయినవనియు, ఒడలు దురదలనియు, పశువులు చచ్చుచున్నవనియు వారి ఫిర్యాదు. పులివెందుల సీమలో అరటి యనగా ఇంటికి అన్నమువంటిది. సోడియము మిక్కిలిగా గల నీటిని పొలమునకు పెట్టినచో నేల బిగిసి చౌడుపాఱుననుట సేద్యగాండ్రందఱికి తెలిసినదే. కనుక వారి మాటను వట్టి భ్రమయని కొట్టివేయుటకు వీలులేదు. కుంట యడుగున బంకమట్టిని, పాలిథీను పొరను పఱచి నీరింకకుండ చేయవలెనను నిబంధన యుండెను. ఆ పని సరిగా జరుగలేదని రైతులనిరి. 2018లో ఆంధ్రప్రదేశ కాలుష్యనియంత్రణ మండలి ఆ సంస్థకు సంజాయిషీ కోరుచు నోటీసు నిచ్చెను. పిమ్మట నిపుణుల సంఘములు వచ్చెను, పరీక్షలు జరిగెను. సంస్థవారు తమ కుంట కారణము కాదనిరి.

పెద్దలారా, నా ప్రసంగమునకు ఆయువుపట్టు ఇచ్చట కలదు. కొంచెము నిదానించి వినుడు. ‘ఈ నీటిలో యురేనియము కలదు’ అని రైతు చెప్పెననుకొనుడు. ‘కలదు నిజమే. అది భూమిలో సహజముగానే యుండెను, మేము రాకమునుపును ఉండెను’ అని ప్రతివాది చెప్పును. ఈ ప్రత్యుత్తరము సర్వత్ర అబద్ధము కాదు సుమా. మన తెలంగాణమున గనియే లేని ఊళ్లలోను కొన్ని బోర్లలో రాతినుండి దిగిన యురేనియము కనబడుచున్నది. అట్లయిన నిజము తేల్చుట యెట్లు? గని రాకమునుపు ఆ బావినీరు ఎట్లుండెనో వ్రాతమూలముగా నున్నచో ఒక్క నిమిషమున తేలును. లేనిచో నూఱు సంఘములు వచ్చినను తేలదు. కుంటకట్టిన పిమ్మట ఊరివారు చేయించిన పరీక్షలెన్నియో యున్నవి. కట్టకముందరి లెక్క ఊరివారి చేతిలో నుండినచో ఆ రైతుల బ్రతుకు వేఱుగా నుండెడిది.

న్యాయస్థానముల సంగతి మనకు తెలియనిది కాదు. పొలముగట్టు తగవులో పాత పహాణీ యున్నవాడు నిలుచును, లేనివాడు తిరుగును. భూమికి పహాణీ యుంచుకొనిన మనము నీటికేల యుంచుకొనలేదు? నీరు ఎవ్వరిదియు కాదనియా? అందఱిదియు గనుక ఎవరో ఒకరు చూచుకొందురనియా?

కొందఱు పెద్దమనుష్యులు నన్ను మందలించుచున్నారు: ‘పంతులుగారూ, అణువిద్యుత్తు దేశమునకు అవసరము. మీరు శాస్త్రమునకు శత్రువులా?’ అని. కాను. శాస్త్రజ్ఞులను దూషించుట నా యభిమతము కాదు. దేశమునకు విద్యుత్తు కావలెను, నిజము. యురేనియమును ఎక్కడినుండి తేవలెనో, తేవలెనో వలదో అది పెద్దల సభలలో తేలవలసిన మాట. కాని పదర రైతు ‘నా బావినీరు ముందెట్లుండెనో వ్రాసి యిండు’ అన్నచో అది దేశద్రోహమెట్లగును? ఆ మాట శాస్త్రమునకు మిక్కిలి ఇష్టమైన మాట. కొలత లేనిచోట శాస్త్రము లేదు.

కట్టలు తెగుటయు, గొట్టములు పగులుటయు కట్టుకథలు కావు. జార్ఖండములోని జాదుగూడలో 1960ల తుదినుండి యురేనియపు కర్మాగారమున్నది. 2006 డిసెంబరులో బురదను మోయు గొట్టము పగిలి, ఆ బురద గంటల తరబడి పాఱి వాగులో కలిసెను. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రమున చర్చ్ రాక్ అను చోట 1979 జూలై 16వ తేదీ తెల్లవాఱుజామున కుంటకట్ట తెగి, 1,100 టన్నుల వ్యర్థపదార్థమును, ముప్పదియైదు కోట్ల లీటర్లకు పైబడిన విషజలమును పుయెర్కో నదిలో పడెను. ఆ నదీతీరమున గొఱ్ఱెలను కాచుకొని బ్రతుకువారు నవాహో జాతివారు. అచ్చటను అడవిబిడ్డలే, ఇచ్చటను అడవిబిడ్డలే. ఇది కాకతాళీయమని నాకు తోచదు.

అమ్రాబాదు నీరు ఎటు పోవునో ఒకసారి తలపోయుడు. ఆ పీఠభూమికి దక్షిణమున, తూర్పున కృష్ణ పాఱుచున్నది. ఈశాన్యమున దిండివాగు పోయి ఆ కృష్ణలోనే కలియుచున్నది. ఎగువ శ్రీశైలము, దిగువ నాగార్జునసాగరము. మన్ననూరు గుట్టలమీద కురిసిన చినుకు ఏ వాలున పడినను తుదకు చేరునది కృష్ణకే. కావున ఈ భయము నాలుగు పెంటలది మాత్రమే కాదు. సాగరము క్రింద వరి పండించువారిదియు, కృష్ణ నీరు త్రాగు నగరవాసులదియు. అయినను మొదటి దెబ్బ తగులునది పెంటలవారికే. అప్పాపురము, మల్లాపురము, ఫరహాబాదు మొదలగు పెంటల చెంచులు తరతరములుగా వాగు ఇసుకలో చెలమ తీసికొని, ఊటకడ కడవ నింపుకొని బ్రతికినవారు. నగరపు నీటికి వడపోతయున్నది, పరీక్షకుడున్నాడు. చెలమకు వడపోత యిసుకయే. యురేనియమును ఇసుక ఆపదు.

ఎంత యున్నచో హానియందురా? లీటరునకు 30 మైక్రోగ్రాములకు లోపు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో నిర్ణయించెను. అనగా పదిలక్షల లీటర్ల నీటిలో కలిసి ముప్పది గ్రాములు. పెద్ద దిగుడుబావి నిండ నీటిలో గుప్పెడు పొడి. మన దేశమున అణుశక్తి నియంత్రణ మండలి చాలకాలము 60 వఱకు సమ్మతమని లెక్కించెను. ఒకే కడవ నీరు ఒక కొలతకు మంచిది, మఱియొక కొలతకు చెడ్డది. కావున పరీక్షాపత్రముమీద ‘నీరు బాగున్నది’ అని వ్రాసిన తృప్తిపడకుడు. అంకె యెంతో వ్రాయుమనుడు. మితిమీఱిన యురేనియము మొదట దెబ్బతీయునది మూత్రపిండములను.

మఱియొక సంగతి. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అణుఖనిజములు మున్నగు గనులకు ప్రజాభిప్రాయసేకరణము అక్కఱలేదని ఉత్తర్వు జారీచేసెను. పెద్దగట్టు ప్రజలు 2003లో లేచి నిలువబడి మాటాడిన వేదిక ఇక ముందు గనులకు ఉండునో ఉండదో తెలియదు. సభలో చెప్పుకొను అవకాశము సన్నగిల్లినప్పుడు చేతిలో కాగితమైన ఉండవలెను గదా.

ఆ కాగితమునే ‘బావుల చిట్టా’ యందును. ఒక రెండువందల పుటల పుస్తకము చాలును. ప్రతి బావికి, ప్రతి బోరునకు, ప్రతి ఊటకు ఒక పుట. బావిపేరు, ఎవరి పొలము, ఎన్ని బారల లోతు, నీరెన్ని బారలకు అందును, ఏ కఱవులో ఎండెను, ఏ కఱవులో ఎండలేదు - ఇవి వ్రాయుటకు శాస్త్రజ్ఞుడు రానక్కఱలేదు. మీకంటె నెక్కువ ఎఱిగినవాడెవడు? మోట తోలిన కాలమునాటి జ్ఞాపకములు మీతోడనే యున్నవి. చదువుకొన్న మనుమని కూర్చుండబెట్టి వ్రాయింపుడు. పంచాయతి కార్యదర్శి ముద్రయు, అయిదుగురు పెద్దల చేవ్రాళ్లును, తేదీయు ప్రతి పుటకు నుండవలెను. గ్రామసభలో చదివి తీర్మానపుస్తకమునకెక్కింపుడు. ఒక ప్రతిని కలెక్టరుగారికి పంపి, ముట్టినట్లు రశీదు తీసికొని, ఆ రశీదును చిట్టాలోనే అంటింపుడు. రశీదు లేని యర్జీ వీధిలో పలికిన మాటతో సమానము.

తఱువాత నీటిపరీక్ష. ఫ్లోరైడు, ఉప్పు, సోడియము మున్నగు వానిని గ్రామీణ నీటిసరఫరా శాఖవారి ప్రయోగశాలలలో చూతురు. యురేనియపు పరీక్ష ప్రతిచోట జరుగదు. ఆ వసతి గల విశ్వవిద్యాలయముననో జాతీయ పరిశోధనాలయముననో ముందుగా విచారించి పంపవలెను. పంపుటకును ఒక పద్ధతి కలదు. బోరును కొంతసేపు పాఱనిచ్చి, ఆ నీటితోనే సీసాను మూడుమార్లు తొలిచి, నింపి, మూత బిగించి, తేదీ, వేళ, బావిపేరు చీటిమీద వ్రాయవలెను. రెండు సీసాలు పట్టుడు. రెండును రెండు చోట్లకు పంపుడు. రెండంకెలు సరిపోయినచో ఎవ్వరును కాదనలేరు.

అన్వేషణమునకై ఎవరైన వచ్చి రంధ్రము తొలిచిపోయినచో దానిని వదలకుడు. పైపొర నీటిని క్రిందిపొర నీటితో కలుపు దారి యది. పని తీఱిన పిమ్మట దానిని అడుగునుండి సిమెంటుతో పూడ్చి బిగింపవలెను. ఎచ్చట తొలిచిరో, ఎంత లోతో, పూడ్చిరో లేదో చిట్టాలో ఒక పుటకెక్కింపుడు.

చెంచుపెంటల చెలమలను, ఊటలను ఆ చిట్టాలో మొదట వ్రాయుడు. వానికి సర్వే నంబరు లేదు, పట్టా లేదు, అడుగువారును లేరు. నీరు అడుగంటు కాలమున ఒకసారి, వానలు వెలసిన పిమ్మట మఱియొకసారి పరీక్ష జరుగవలెను. చైత్రపూర్ణిమకు సలేశ్వరపు జాతరకు వేలకొలది జనము నల్లమల దిగి పోవుదురు. నీరు మిక్కిలి సన్నగిల్లు వేళ యదియే. అచ్చంపేట, అమ్రాబాదు, పదరలనుండి పోవువారు అటవీశాఖవారికి ముందుగా తెలిపి, పెంటల పెద్దలను వెంటబెట్టుకొని, కొన్ని శుభ్రమైన సీసాలను తీసికొనిపోయి సలేశ్వరపు ధారనుండి యొకటి, దారిలోని ప్రతి చెలమనుండి రెండేసి నింపుకొని రావలెను. కార్తికమాసమున అవే చోట్లకు మఱల పోయి, అవే పేళ్లు వ్రాసిన సీసాలను నింపవలెను.